వంకర డిస్కుల ప్రారంభోత్సవం

శుభవార్త వచ్చిన సమయానికి కాంట్రాక్టు ఇంజనీరు వాసుదేవ్ నోట్లో ఉగ్గాని ఉంది, చేతిలో మిరపకాయ బజ్జీ ఉంది. అందువల్ల ఆ చరిత్రాత్మక ప్రకటనకు అతను వెంటనే స్పందించలేకపోయాడు.

"వాసుదేవూ! మన సర్వర్ల స్లోను ప్రభుత్వం గుర్తించిందప్పా!" అన్నారు ప్రత్యేకాధికారి నాగసుబ్బయ్య గారు, రెండు చేతులూ పైకెత్తి.

కర్నూలులోని ఆ ఇ-పౌరసేవల కేంద్రం సామాన్యమైనది కాదు. పుట్టినవాళ్లకు పుట్టినట్టు, పెళ్లయినవాళ్లకు పెళ్లయినట్టు, పేదవాళ్లకు పేదవాళ్లేనన్నట్టు కాగితం ఇచ్చే చోటు. అటు కోసిగి నుంచి ఇటు మైదుకూరు దాకా ఎవరు ఏమైనట్టు రుజువు కావాలన్నా ఈ మేడ మీది సర్వర్లే చెప్పాలి. ప్రారంభోత్సవం నాడు 'ఒక్క నిమిషంలో సర్టిఫికెట్' అని బోర్డు పెట్టారు. బోర్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నిమిషమే కాస్త సాగి, ఒక్కోసారి వారం దాకా పోతోంది. కౌంటర్లో కూర్చునే శివజ్యోతి 'సర్వర్ స్లో' అనే రెండు మాటలతోనే ఇంతకాలం ఉద్యోగం నెట్టుకొచ్చింది.

జనం రెండేళ్లు ఓపిక పట్టారు. మొన్న మంత్రిగారి బామ్మర్దికి కూడా ఆ రెండు మాటలే వినిపించాయి. దాంతో మంత్రిగారు సామాన్యుడి కష్టానికి చలించిపోయారు. కడప సభలో మైకు పట్టుకొని, "ఈ స్లోను నా చేతులతో నేనే సరిచేస్తా!" అని ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారి చేతులు కర్నూలు దాకా రావడానికి టైం పడుతుంది కాబట్టి, ఈలోగా ఆ చేతులకు కావలసిన ఏర్పాట్లు చూసే బాధ్యత నాగసుబ్బయ్య గారి మీద పడింది.

"ఏం కావాలో కోరుకో. ఈ స్లో సంగతి తేల్చినోనికి ఏదడిగినా ఇస్తా," అన్నారాయన.

పురాణాల్లో ఇలాంటి అవకాశం వచ్చినవాళ్లు చావు లేకుండా వరం అడిగారు. వాసుదేవ్ బజ్జీ మింగి, "వచ్చే గురువారం ఒక్కరోజు సెలవు సార్," అన్నాడు.

"కాంట్రాక్టోళ్లకు సెలవు యాడిదప్పా? మీకుండేది గైర్హాజరు."

"అదైనా ఇప్పించండి సార్."

"ఇచ్చినా పో!"

వాసుదేవ్‌కు లోకం ఒక్కసారిగా పచ్చగా కనిపించింది. జ్యేష్ఠంలో పెళ్లయింది. పట్టుమని రెండు వారాలు గడవకముందే ఆషాఢం వచ్చి, శ్రీవాసవిని మైదుకూరులోని పుట్టింటికి పట్టుకుపోయింది. కొత్త అల్లుడు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదన్నారు. బస్టాండు తొక్కకూడదని మాత్రం ఏ పెద్దా అనలేదు. అందుకని ఒక ఆదివారం అతను మైదుకూరు బస్టాండు దాకా పోయాడు. శ్రీవాసవి స్టీలు డబ్బాలో ఓళిగలు పెట్టుకొని వచ్చింది. సిమెంటు బెంచీ మీద కూర్చుని నన్నారి షర్బత్ తాగుతూ ఇద్దరూ కర్నూలు బస్సులు పోతుంటే చూశారు. ఒకదాని తర్వాత ఒకటి పోనిచ్చారు. అంత మంచి బస్టాండు ఆంధ్రదేశంలో మరొకటి లేదని అతనికి ఆరోజే తెలిసింది.

శ్రావణం రాగానే గురువారం పదిన్నరకు దివ్యమైన ముహూర్తం, అల్లుడొచ్చి పిల్లను తీసుకుపోవచ్చు, అని మామగారు పంచాంగం చూసి చెప్పారు. అడ్డం ఒక్కటే, ఈ స్లో.

అదృష్టవశాత్తూ స్లో ఎందుకో వాసుదేవ్ కనిపెట్టేశాడు. ఇంజనీరింగులో నేర్చుకున్నదంతా రంగరించి నాగసుబ్బయ్య గారికి విన్నవించాడు.

"సార్, మన దగ్గరున్న ఇరవై నాలుగు సర్వర్లూ నిజానికి లేవు."

నాగసుబ్బయ్య గారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "మెల్లగా చెప్పప్పా. ఆడిటోళ్లు వినేరు."

"అట్లా కాదు సార్. రెండు పెద్ద మిషన్లు ఉన్నాయి. వాటి లోపల ఇరవై నాలుగు ఉన్నట్టు నడుస్తాయి. వర్చువల్ మిషన్లు. వాటి డిస్కులు కూడా నిజం డిస్కులు కావు. ఆ మూలన ఉన్న స్టోరేజీ పెట్టెలో ఫైళ్లు. అన్నీ నెట్‌వర్కు మీద అందులోంచే చదువుకుంటాయి."

"లేని మిషన్లకు లేని డిస్కులు. బాగుండాది, మన పద్ధతే. మరి స్లో ఒక్కటి నిజం ఎట్లాయె?"

ఇలాంటి ప్రశ్నలు వేయగలరు కాబట్టే ఆయన ప్రత్యేకాధికారి అయ్యారు. వాసుదేవ్ ఆలోచించి, తన మనసుకు దగ్గరగా ఉన్న ఉదాహరణే ఎత్తుకున్నాడు.

"మైదుకూరు బస్సు అనుకోండి సార్. సీటుకొక మనిషి. మొదట ఎక్కినవాడు కిటికీ పక్కన తువ్వాలంత జాగా వదిలి కూర్చున్నాడు. రెండోవాడు అతనికి ఆనుకున్నాడు, మూడోవాడు రెండోవాడికి. అట్లా బస్సంతా ప్రతి మనిషీ రెండు సీట్ల మీద పడ్డాడు. ఇప్పుడు ఒక్కరిని లేపాలంటే రెండు సీట్లు కదిలించాలి. మన డిస్కులు అరవై నాలుగో నంబరు గడిలో మొదలు కావాల్సింది, అరవై మూడులో మొదలైనాయి. అందుకని ప్రతి ముక్కా స్టోరేజీలో రెండు అరల మీద పడుతోంది. ఒకటి చదవాలంటే రెండు చదవాలి."

"ఆ మొదట ఎక్కినోడు ఎవడప్పా? మెమో ఇస్తా."

ఇరవై నాలుగు మిషన్లూ ఒకే తల్లి మిషన్‌కు నకళ్లు. ఆ తల్లిని రెండేళ్ల కిందట తయారుచేసిన మేధావి ఎవరో నాగసుబ్బయ్య గారు అడగలేదు. వాసుదేవ్ కూడా చెప్పలేదు. తన ఘనత తానే చాటుకోవడం అతనికి మొదటినుంచీ గిట్టదు.

"డిస్కంతా ఒక్క గడి పక్కకు జరిపితే చాలు సార్. కాకపోతే మిషన్లు ఆపి జరపాలి."

"ఆపేదానికి లేదు. 'నిరంతర సేవ' అని ఇంకో బోర్డుండాది."

"రెండో శనివారం, ఆదివారం ఎట్లాగూ ఆఫీసుకు సెలవు సార్."

"సెలవు నిరంతరంలోకే వస్తాది. పని మొదలుపెట్టు," అని ఆజ్ఞాపించి, నాగసుబ్బయ్య గారు మంత్రిగారి సమీక్షా సమావేశాల కోసం కడపకు జీపెక్కారు.

శనివారం పొద్దున వాసుదేవ్ ఒక్కో మిషన్నూ నిద్రపుచ్చి, దాని డిస్కును ఒక్క గడి పక్కకు జరిపే చిన్న ప్రోగ్రామును నడిపాడు. జాగ్రత్త మనిషి కాబట్టి పాత డిస్కుల కాపీలన్నీ పక్కన పెట్టుకున్నాడు. అన్నం తినే వేళకు శ్రీవాసవి ఫోన్ చేసింది.

"ఏం చేస్తాండారు?"

"సర్వర్లు జరుపుతున్నాను. ఒక్క గడి."

"ఒక్క గడికి పొద్దున్నుంచా? మా నాయన అంగట్లో ఇనుప బీరువా జరిపినా ఇంతసేపు పట్టదు."

"మీది ఇనుము. మాది డేటా."

"ఏది బరువు ఎక్కువ?"

"నువ్వు లేకపోవడం," అన్నాడు వాసుదేవ్, ఇలాంటి అవకాశం మళ్లీ రాదేమోనని.

అటు ఇద్దరు ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఫోన్ లౌడ్‌స్పీకర్లో ఉందనీ, అత్తగారు పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారనీ అతనికి అప్పుడు తెలిసింది. ఆ తర్వాతి మూడు మిషన్లను ఎలా జరిపాడో అతనికే గుర్తులేదు. అందులో రెండు, జరిగిన తర్వాత మళ్లీ లేవమని మొరాయించాయి. ఎక్కడినుంచి లేవాలో వాటికి మళ్లీ నేర్పేసరికి ఆదివారం కూడా ముగిసింది.

సోమవారం పరీక్ష కోసం అతను తన సొంత దరఖాస్తునే పెట్టి చూశాడు. పెళ్లయిన మర్నాడే పెట్టిన వివాహ ధ్రువపత్రం దరఖాస్తు అది. అప్పటినుంచీ పెండింగులో ఉంది. బటన్ నొక్కి, అలవాటు ప్రకారం టీకి లేవబోయాడు. ప్రింటర్ గరగరమంది. వరుడు వాసుదేవ్, వధువు శ్రీవాసవి. ప్రభుత్వం వారి గుండ్రటి ముద్రతో సహా కాగితం ఇంకా వేడిగా ఉంది. నందికొట్కూరులో కళ్యాణమండపం నిండా జనం ముందు తాళి కట్టినప్పుడు కూడా తనకు పెళ్లయిందని అంత గట్టిగా నమ్మకం కలగలేదు. దాన్ని మడత పడకుండా గురువారానికి సర్దుకున్న బ్యాగులో, కొత్త తెల్లచొక్కాకూ బనీనుకూ మధ్య దాచాడు. మైదుకూరులో గడప తొక్కగానే శ్రీవాసవి చేతిలో పెట్టాలని అతని ఆలోచన.

ఆ పూట నుంచి కేంద్రంలో ఘోరమైన మార్పు వచ్చింది. క్యూ మాయమైంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే కాగితం పుచ్చుకొని పోతున్నారు. శివజ్యోతికి 'సర్వర్ స్లో' అనే సందు దొరకలేదు. మధ్యాహ్నానికి ఆమెకు చేతివేళ్లు నొప్పిపుట్టాయి. "నీ పుణ్యాన నాకు పని తగిలింది," అని ఆమె వాసుదేవ్‌ను ఆశీర్వదించింది.

కోసిగి నుంచి గిడ్డమ్మ వచ్చింది. మనవణ్ణి హాస్టల్లో చేర్చడానికి ఆదాయం సర్టిఫికెట్ కోసం తిరుగుతున్న మనిషి. రోజంతా నిలబడాలి కదా అని జొన్నరొట్టెలు మూట కట్టుకొచ్చింది. మూట దించకముందే కాగితం చేతిలో పడింది. ఆమె దాన్ని తిప్పి చూసి, వెలుతురులో పెట్టి చూసి, "ఇంత బిన్నె వస్తే చెల్తాదా తల్లీ?" అని అడిగింది. చెల్లుతుందని శివజ్యోతి ఒట్టు పెట్టింది. గిడ్డమ్మ నమ్మలేదు. తెచ్చిన రొట్టెలకు న్యాయం చేయడం కోసం సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, తిని, అప్పుడు బస్సెక్కింది.

బుధవారం మధ్యాహ్నం నాగసుబ్బయ్య గారు కడప నుంచి వచ్చారు. జీపు దిగి వరండా చూసి నిలబడిపోయారు.

"క్యూ యాడ?" అని కేకేశారు. ఇంట్లో బీరువా కనిపించనివాళ్లు కూడా అంత గట్టిగా అరవరు.

వాసుదేవ్ చేతులు కట్టుకొని, వినయంగా, "పోయింది సార్," అన్నాడు. మెచ్చుకోలు కోసం మెడ కొంచెం ముందుకు పెట్టాడు కూడా.

"యాడికి పోయింది?"

"డిస్కులన్నీ సరిచేశాను సార్. ఇరవై నాలుగూ."

నాగసుబ్బయ్య గారు కుర్చీ వెతుక్కొని కూర్చున్నారు. "రేపు పదిన్నరకు మంత్రిగారు వస్తాండారప్పా. స్వహస్తాలతో డిస్కులు సరిచేసేదానికి. ఆయన జ్యోతిష్యుడు ముహూర్తం తీసినాడు. బేతంచెర్ల బండ మీద పేరు చెక్కించినాం. పేపరోళ్లకు చెప్పినాం. సరిచేసేదానికి నువ్వెవరప్పా?"

"మీరే కదా సార్ చేయమన్నారు?"

"మొదలుపెట్టమన్యా. పూర్తి చేయమన్యానా?"

ప్రభుత్వ సర్వీసులో ఈ రెండింటికీ ఉన్న తేడా ఇంజనీరింగు కాలేజీలో చెప్పరు. వాసుదేవ్ తల దించుకున్నాడు.

కానీ నాగసుబ్బయ్య గారు అంత తేలిగ్గా కుంగిపోయే మనిషి కాదు. మంచినీళ్లు తాగి, "పాత డిస్కులు ఉండాయా?" అని అడిగారు.

"కాపీలు ఉంచాను సార్. వచ్చే వారం తీసేద్దామని..."

"బంగారు కొండవి! అవి పెట్టెయ్. సాయంత్రానికంతా మళ్లా వంకర కావాల."

"అవి శనివారం నాటివి సార్. వాటిని పెడితే సోమవారం నుంచి ఇచ్చిన సర్టిఫికెట్లేవీ రికార్డులో ఉండవు."

"మంచిదే గదా! ఇచ్చినవన్నీ వెనక్కి తెప్పించి, రేపు మంత్రిగారి చేత మళ్లా ఇప్పిద్దాం. లబ్ధిదారుల కోసం యాడ వెతుక్కునేది అనుకుంటాంటి. దేవుడే చూపించినాడు."

దేవుడు వెంటనే మరొకరిని కూడా చూపించాడు. గిడ్డమ్మ మెట్లెక్కి వచ్చింది. హాస్టల్ వార్డెన్ ఆమెను తిప్పి పంపాడు. ఒక్కరోజులో వచ్చిన ఆదాయం సర్టిఫికెట్ నిజమైనది కాదని ఆయన అనుభవం.

"నేను అప్పుడే అంటి. ఇంత బిన్నె వస్తే చెల్లదని," అంది గిడ్డమ్మ, శివజ్యోతి వైపు చూస్తూ.

"ఈడియ్యమ్మా ఆ కాయితం. రేపు మంత్రిగారు ఇస్తారు, ఫోటోతో సహా," అన్నారు నాగసుబ్బయ్య గారు.

"ఫోటో చూస్తే వార్డెన్ నమ్ముతాడా సామీ?"

"వాని నాయన గూడా నమ్ముతాడు. పొద్దున్నే వచ్చి క్యూలో నిలబడు."

"నిలబడితే దుడ్లు ఇస్తారా?"

"పెరుగన్నం పొట్లం ఇస్తాం."

గిడ్డమ్మ ఒక క్షణం ఆలోచించి, కొంగుముడి విప్పి కాగితం ఇచ్చేసింది. ఆమె మొహంలో ఇన్నాళ్లకు నమ్మకం కనిపించింది.

"చూసినావా? జనానికి ఏం కావాల్నో నాకు తెలుసు," అన్నారు నాగసుబ్బయ్య గారు. తర్వాత మంత్రిగారి పీఏ ఫోన్‌లో చెప్పినవి వేళ్ల మీద గుర్తు చేసుకున్నారు. "ముసలామె అయిపాయె. ఇంక కొత్తగా పెండ్లయిన జంట ఒకటి కావాలన్నారు. ఫోటోకు కళగా ఉంటాదంట. యాడన్నా ఉండారా?"

శివజ్యోతి అందుకుంది. "సార్, వాసుదేవ్ వాళ్లదే సోమవారం వచ్చింది. బ్యాగులో దాచుకొని రోజుకు నాలుగుసార్లు చూసుకుంటాండాడు."

ఇంత చక్కగా పనులు కలిసిరావడం నాగసుబ్బయ్య గారి సర్వీసులోనే అరుదు. ఆయన స్వయంగా బ్యాగు తెరిపించారు. తెల్లచొక్కా కిందినుంచి ధ్రువపత్రం బయటికి వచ్చింది.

"సార్, అది మా ఆవిడకు ఇవ్వాలని... రేపు నాకు సెలవు ఇచ్చారు కదా సార్."

"గైర్హాజరు," అని సరిదిద్దారు నాగసుబ్బయ్య గారు. "రేపు నువ్వు లేకుంటే ఎట్లప్పా? మంత్రిగారు బటన్ నొక్కినప్పుడు లోపల మిషన్లు చూసుకునేది ఎవరు? నీ భార్య కోసం దిగులు పెట్టుకోవద్దు. పొద్దున ఆరుకు గవర్నమెంటు జీపు మైదుకూరు పోతాది. నువ్వు బస్సులో తెచ్చేదానికన్నా గౌరవంగా తెస్తాం."

"మరి ఫోటోలో నేను..."

"నువ్వు సర్వర్ రూంలో ఉంటావు గదా. నీ జాగాలో మంత్రిగారు నిలబడతారులే."

ఆయన అప్పటికప్పుడే మామగారి అంగడికి ఫోన్ చేశారు. సాయంత్రం వాసుదేవ్ సర్వర్ రూంలో చేరేసరికి శ్రీవాసవి ఫోన్ వచ్చింది. గొంతులో సంతోషం ఆగడం లేదు.

"నాకు తెలిసిపోయింది! జీపంట! మంత్రిగారంట! మన పెండ్లి సర్టిఫికెట్ వచ్చిందని నాకెందుకు చెప్పలేదు?"

"చేతికిద్దామని."

"నాయన రేపు అంగడి మూసేస్తాండాడు. అమ్మ వస్తాంది, పక్కింటోళ్లూ వస్తామంటాండారు. జీపులో ఎంతమంది పడతారు?"

"సీటుకొకరు," అన్నాడు వాసుదేవ్.

"ఏ చీర కట్టుకునేది? మిరపపండు రంగుదా, నెమలికంఠం రంగుదా?"

"నెమలికంఠం."

"మీరు తెల్లచొక్కా వేసుకోండి. నా పక్కన బాగుంటాది."

"నేను లోపల ఉంటాను."

"లోపల ఏం పని? అన్నీ సరిచేసినా అంటిరి గదా?"

"సరిచేసినందుకే."

ఆమె మెల్లగా అంది. "అయితే మంత్రిగారు పోయినాక నాకు మీరు ఒకసారి ఇయ్యండి ఆ కాయితం. అది లెక్క. ఇది కాదు."

అతనికి ఆ మాట ఎంత హాయిగా అనిపించిందంటే, తెర మీద ప్రోగ్రాం అడుగుతున్న ప్రశ్న కాసేపు కనిపించలేదు. పాత కాపీ పెట్టాలా, పెడితే శనివారం తర్వాత చేరిన వివరాలన్నీ పోతాయి, అవునా, కాదా అని అది అడుగుతోంది. వివరాల్లో సోమవారం నాటి మొట్టమొదటి పేరు వాసుదేవ్‌ది, దాని పక్కనే శ్రీవాసవిది.

"ఏం చేస్తాండారు?" అంది ఫోన్‌లో శ్రీవాసవి.

"ఏమీ లేదు. చిన్న పని," అని వాసుదేవ్ 'అవును' నొక్కాడు.

కిటికీ కింద వీధిలో మైకు కట్టిన ఆటో పోతోంది. నాగసుబ్బయ్య గారు స్వయంగా రాసిచ్చిన మాటలు కర్నూలు అంతా వినిపిస్తున్నాయి: "రేపు గురువారం ఉదయం పదిన్నర గంటలకు, గౌరవనీయులైన మంత్రివర్యులు తమ అమృత హస్తాలతో సర్వర్ల స్లోను శాశ్వతంగా నిర్మూలించబోతున్నారు. కావున ప్రజలందరూ పొద్దున ఎనిమిది గంటలకే పెద్ద సంఖ్యలో తరలివచ్చి, క్యూను జయప్రదం చేయవలసిందిగా కోరుతున్నాము!"